కాపీ చేసిన పెన్‌డ్రైవ్ ఎందుకు బూట్ అవదు? పాత ల్యాప్‌టాప్‌లో తేలికపాటి లినక్స్ సంగతి

మేముండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో. మా పై వాటాలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్నగారు పన్నెండేళ్ళ కిందట కొన్న ల్యాప్‌టాప్‌తోనే ఆమె చదువంతా నడుస్తోంది. 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనబడడానికే ఐదారు నిమిషాలు పడుతుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే ఈ మెషీన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు, ప్రాసెసర్ కూడా వాళ్ళు ఒప్పుకునే జాబితాలో లేదు. ద్వారకానగర్‌లో ఒక షాపులో చూపిస్తే "ఇంక దీని మీద డబ్బులు పెట్టకమ్మా, కొత్తది తీసుకో" అన్నారట.

కొత్తది కొనే పరిస్థితి ఆ ఇంట్లో లేదు. అందుకని విండోస్‌కి బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గురించి తనే చదువుకుంది. లినక్స్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్‌వో డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ల్యాప్‌టాప్‌కి పెట్టి ఆన్ చేసింది. మళ్ళీ విండోసే వచ్చింది. నాలుగుసార్లు ప్రయత్నించి కిందికి వచ్చింది. "బాబాయ్ గారూ, ఫైలు పూర్తిగానే దిగింది, పెన్‌డ్రైవ్ కూడా కొత్తదే. మరి ఎందుకు రావట్లేదు?"

ఈ ప్రశ్న చాలామంది అడగరు. వీడియోలో చూపించినట్టు నాలుగు బటన్లు నొక్కుతారు. వస్తే సంతోషం, రాకపోతే లినక్స్ మంచిది కాదనుకుని వదిలేస్తారు. కానీ ఆ "ఎందుకు" ఒక్కటి తెలిస్తే తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావాటికి కారణం మనమే పట్టుకోగలం. అందుకే ముందు దాని దగ్గర కాసేపు ఆగుదాం.

పవర్ బటన్ నొక్కిన క్షణంలో విండోసూ లేదు, లినక్సూ లేదు. అప్పుడు పని చేసేది మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రామ్ మాత్రమే. పాత మెషీన్లలో అది బయోస్. సుమారుగా 2012 నుంచి వచ్చిన వాటిలో ఎక్కువగా యూఈఎఫ్‌ఐ. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో వెతికి, దాన్ని లేపి, పని అప్పగించేదాకానే దాని బాధ్యత. బూట్ అవడమంటే ఇదే. ఆ వెతకడంలో బయోస్ పద్ధతి ఒకటి, యూఈఎఫ్‌ఐ పద్ధతి ఇంకొకటి.

అడ్రసు వెతుక్కునే మనుషులతో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకాయన ఇసుకతోట జంక్షన్‌లో దిగి, వీధి మొదట్లో కనబడిన మనిషిని "ఫలానా వాళ్ళిల్లు ఎటండీ?" అని అడిగి, అతను చూపించిన వైపు వెళ్తాడు. వీధి మొదట్లో ఎవరూ లేకపోతే వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. బయోస్ అలాంటిది. రెండో ఆయన దగ్గర డోర్ నంబర్ ఉంటుంది. ఎవరినీ అడగకుండా నేరుగా ఆ గుమ్మం ముందుకే వెళ్తాడు. అది యూఈఎఫ్‌ఐ.

వీధి మొదట్లో మనిషి అన్నది డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లు. బయోస్ చదివేది అంతే. ఫైళ్ళు, ఫోల్డర్లు అనేవి ఉంటాయని కూడా దానికి తెలియదు. ఆ 512 బైట్లలో మొదటి 446 బైట్లు ప్రోగ్రామ్‌కి, తర్వాతి 64 బైట్లు డిస్కు ఎన్ని భాగాలుగా ఉందో చెప్పే పట్టికకి, చివరి రెండు బైట్లు "ఇది బూట్ అయ్యే డిస్కు" అని చెప్పే గుర్తుకి. ఎంత చిన్న చోటో ఊహించడానికి ఒక లెక్క: యూనికోడ్‌ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, ఏదైనా 3 బైట్లు తీసుకుంటుంది. అంటే 512 బైట్లలో 170 గుర్తులు పడతాయి. తెలుగులో రెండు మూడు వాక్యాలు. అంత చిన్న చోటులో "అసలు ప్రోగ్రామ్ అదిగో అక్కడుంది, వెళ్ళు" అని మాత్రమే రాయగలరు. పాత కంప్యూటర్లన్నీ ఆ మాట మీదే మేలుకునేవి.

యూఈఎఫ్‌ఐకి ఫోల్డర్లు అర్థమవుతాయి, కాకపోతే ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన భాగాన్నే అది కచ్చితంగా చదవగలదు. అందులో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, దాంట్లో బూట్ అనే ఫోల్డర్, దాంట్లో బూట్ఎక్స్64 అనే ఫైలు ఉందేమో చూస్తుంది. డోర్ నంబర్ అదే. ఉంటే నడుపుతుంది, లేకపోతే ఆ పెన్‌డ్రైవ్‌ని పక్కనపెట్టి హార్డ్ డిస్కు వైపు వెళ్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి చేసినది చూడండి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కడో మధ్యలో ఐఎస్‌వో ఒక పెద్ద ఫైలుగా కూర్చుంది. మొదటి 512 బైట్లు కంపెనీ వాళ్ళు ఇచ్చినవే, వాటిలో లినక్స్ ఊసే లేదు. ఈఎఫ్‌ఐ ఫోల్డర్ ఉంది గానీ, అది ఐఎస్‌వో లోపల ఉంది. యూఈఎఫ్‌ఐ ఐఎస్‌వోని విప్పి లోపలికి చూడదు. కావలసినవన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి, వెతికే చోట మాత్రం ఒక్కటీ లేదు. ఫైలు తప్పు కాదు, పెన్‌డ్రైవ్ తప్పు కాదు.

ఐఎస్‌వో అంటే నిజానికి సీడీ నకలు. ఆ పేరు ఐఎస్‌వో 9660 అనే ప్రమాణం నుంచి వచ్చింది. అది 1988 నాటిది, సీడీల కోసం పుట్టింది. సీడీ నుంచి బూట్ చేసే పద్ధతిని 1995లో ఎల్ టొరిటో పేరుతో వేరే రాసుకున్నారు. పెన్‌డ్రైవ్‌ని మాత్రం బయోస్ సీడీలా కాదు, హార్డ్ డిస్కులా చూస్తుంది. అందుకే ఒకప్పుడు ఐఎస్‌వోని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్ మీదికి దింపినా బూట్ అయ్యేది కాదు. దీనికి దొరికిన పరిష్కారం నాకు చాలా ఇష్టం. సీడీ ప్రమాణం మొదటి 32 కేబీని ఎవరికీ కేటాయించకుండా ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీలో హార్డ్ డిస్కుకి ఉండాల్సిన 512 బైట్లు రాసేస్తే? సీడీగా చూసేవాళ్ళకి సీడీలా, హార్డ్ డిస్కుగా చూసేవాళ్ళకి హార్డ్ డిస్కులా ఒకే ఫైలు కనబడుతుంది. హెచ్. పీటర్ ఆన్విన్ మొదలుపెట్టిన సిస్‌లినక్స్ ప్రాజెక్టు ఇందుకోసం ఐసోహైబ్రిడ్ అనే పనిముట్టు ఇచ్చింది. ఈ రోజు దొరికే లినక్స్ ఐఎస్‌వోలు దాదాపు అన్నీ ఇలా రెండు ముఖాలతోనే వస్తాయి.

పెన్‌డ్రైవ్‌లోకి రాయడం

కాబట్టి మనం చెయ్యాల్సింది కాపీ కాదు, రాయడం. ఇది మూడు రకాలుగా జరుగుతుంది.

మొదటిది, ఐఎస్‌వోలోని ప్రతి బైటునీ వరసగా పెన్‌డ్రైవ్ మొదటి బైటు నుంచి దింపడం. బలేనా ఎచర్ చేసేది ఇదే, లినక్స్‌లో డీడీ కమాండ్ చేసేదీ ఇదే. రెండోది, ఐఎస్‌వోని విప్పి, లోపలి ఫైళ్ళను ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో సర్ది, 512 బైట్లను విడిగా రాయడం. విండోస్‌లో నడిచే రూఫస్ మామూలుగా ఇలా చేస్తుంది. పైన చెప్పిన రెండు ముఖాల (హైబ్రిడ్) ఐఎస్‌వో ఇస్తే ఐఎస్‌వో మోడా, డీడీ మోడా అని అడుగుతుంది. చాలామందికి టెన్షన్ పెట్టే ప్రశ్న ఇది. పైన చెప్పిన రెండు పద్ధతుల్లో ఏది కావాలని మాత్రమే అడుగుతోంది. ముందు ఐఎస్‌వో మోడ్‌తో చూడండి, బూట్ అవకపోతే డీడీతో మళ్ళీ రాయండి. పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ (పైన చెప్పిన మొదటి 512 బైట్ల పద్ధతి) పెడితే పాత బయోస్‌కీ, యూఈఎఫ్‌ఐకీ రెండింటికీ పనికొస్తుంది.

మూడోది వెంటాయ్. 2020లో వచ్చింది. దీన్ని పెన్‌డ్రైవ్‌లో ఒక్కసారి వేస్తే చాలు, తర్వాత ఐఎస్‌వోలను మామూలు ఫైళ్ళలాగే కాపీ చేసుకోవచ్చు. బూట్ చేసినప్పుడు జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న భాగాన్ని తనకోసం ఉంచుకుని, బయోస్, యూఈఎఫ్‌ఐ వెతికే చోట ముందుగా తను నిలబడుతుంది. తర్వాత ఐఎస్‌వోని తనే విప్పుతుంది. రెండు మూడు రకాల లినక్స్ ప్రయత్నించి చూడాలనుకునే వాళ్ళకి దీన్నే చెబుతాను.

డీడీ పద్ధతిలో రాశాక పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లో పెడితే "ఈ డిస్కుని ఫార్మాట్ చెయ్యాలి" అని అడగవచ్చు. లేదా 16 జీబీ పెన్‌డ్రైవ్ నాలుగైదు ఎంబీలే ఉన్నట్టు చూపించవచ్చు. పాడైపోయిందని భయపడి ఫార్మాట్ కొట్టేసి, రాసిందంతా పోగొట్టుకునేవాళ్ళు ఎంతోమంది. అది పాడవ్వడం కాదు. లినక్స్ వేసుకున్న భాగాల్లో ఫ్యాట్‌లో ఉన్న చిన్న ముక్కనే విండోస్ గుర్తుపట్టింది, అంతే. ముందుకి వెళ్ళండి.

రాసేముందు మూడు జాగ్రత్తలు. మొదటిది అన్నిటికంటే ముఖ్యం: ఏ డ్రైవ్ మీద రాస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. రాయడం మొదలయ్యాక ఆ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. పక్కనే పెళ్ళి ఫోటోల ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టి ఉంటే ముందు దాన్ని పీకేయండి. రెండోది పెన్‌డ్రైవ్ అసలైనదా అన్నది. జగదాంబ జంక్షన్ వైపు ఒక చోట నేను చవగ్గా ఒక 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే లోపల నిజంగా ఉన్నది 8 జీబీ కూడా కాదు. అలాంటి వాటిలో కంట్రోలర్ చిప్ కంప్యూటర్‌కి అబద్ధం చెబుతుంది. నిజమైన చోటు అయిపోయాక రాసినది గాల్లో కలుస్తుంది, కాపీ మాత్రం పూర్తయినట్టే కనబడుతుంది. లినక్స్‌లో ఈ పరీక్షకి ఎఫ్3 అనే ప్రోగ్రామ్ ఉంది. రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు.

మూడోది డౌన్‌లోడ్ చేసిన ఫైలు. చాలా లినక్స్ సైట్లలో ఐఎస్‌వో పక్కన ఎస్‌హెచ్‌ఏ256 అని 64 అక్షరాల వరస ఇస్తారు. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సెర్ట్‌యుటిల్ కమాండ్‌తో మన ఫైలుకి లెక్క తీసి రెండూ సరిపోయాయా చూడాలి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటులోకి దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ లింకుని దొంగ దారి పెట్టిన ఐఎస్‌వో వైపు తిప్పేశారు. ఆ ఐఎస్‌వో దించుకుని వేసుకున్నవాళ్ళు దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే అయింది. మన దగ్గర ఎక్కువగా జరిగేది మాత్రం అంత పెద్ద సంగతి కాదు, మొబైల్ డేటాతో దించుతుంటే మధ్యలో తెగి ఫైలు సగంలో ఆగిపోవడం. దాన్నీ ఈ పోలికే పట్టేస్తుంది.

ఏ లినక్స్?

తేలిక అనే మాట చాలా వాటికి తగిలిస్తారు. మీ ర్యామ్‌ని బట్టి చూడండి. 4 జీబీ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ గానీ, ఎంఎక్స్ లినక్స్ గానీ బాగుంటాయి. 2 జీబీ అయితే లుబుంటు కంటే యాంటిఎక్స్ వైపే మొగ్గుతాను. యాంటిఎక్స్ 512 ఎంబీ ఉన్న పాత మెషీన్ల మీద కూడా నడిచేలా కట్టింది, చూడ్డానికి మాత్రం సాదాసీదాగా ఉంటుంది. 2003లో ఆస్ట్రేలియాకి చెందిన బారీ కాలర్ మొదలుపెట్టిన పప్పీ లినక్స్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించుకుని పెన్‌డ్రైవ్‌తో పని లేకుండా నడవగలదు. కాకపోతే దాంట్లో మామూలుగానే అన్ని అధికారాలున్న రూట్ యూజర్‌గా పని చేస్తాం. అందుకే బ్యాంకు పనులకి నేను వద్దంటాను.

ప్రాసెసర్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది ముందే చూసుకోవాలి. 32 బిట్ దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఎన్నో లినక్స్‌లకి మాతృకైన డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేసింది. ఇంకో వింత కూడా ఉంది: 2 జీబీ ర్యామ్‌తో వచ్చిన కొన్ని చవక ఆటమ్ ట్యాబ్లెట్లలో ప్రాసెసర్ 64 బిట్, యూఈఎఫ్‌ఐ మాత్రం 32 బిట్. అక్కడ డోర్ నంబర్ మారిపోతుంది, బూట్ఐఏ32 అనే ఫైలు కావాలి. అది లేని ఐఎస్‌వో ఎన్నిసార్లు రాసినా వాటిలో బూట్ అవదు.

ఆన్ చేశాక

ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలలో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12యే, కాకపోతే చాలావాటిలో ముందు సెటప్‌లోకి వెళ్ళి దాన్ని ఆన్ చెయ్యాలి. పెన్‌డ్రైవ్ జాబితాలో కనబడకపోతే నీలం పోర్టు మార్చి నల్ల పోర్టులో పెట్టి చూడండి. కొన్ని పాత బయోస్‌లకి యూఎస్‌బీ 3 అందదు. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్ళలో ఉప్పు గాలికి పోర్టుల్లో రేకులు నల్లబడడం మనకి కొత్త కాదు. మెత్తటి బ్రష్షుతో తుడిస్తే పలికిన పోర్టులు ఉన్నాయి.

సెక్యూర్ బూట్ అనేది విండోస్ 8 వెర్షన్ కాలం నుంచి వచ్చింది. నమ్మిన సంతకం లేని బూట్ ప్రోగ్రామ్‌ని యూఈఎఫ్‌ఐ నడపదు. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా లాంటివి మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని ముందు పెట్టుకుని వస్తాయి కాబట్టి వాటికి ఇబ్బంది ఉండదు. కొన్ని చిన్న లినక్స్‌లకి మాత్రం సెటప్‌లో దాన్ని ఆపాల్సి వస్తుంది. ఆపే ముందు విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందు కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే తర్వాత విండోస్ ఆ కీ అడుగుతుంది. అది లేనివాళ్ళ ఫైళ్ళు తెరవడం ఎవరి వల్లా కాదు. ఇంత సంగతి ఉన్నా చాలా వీడియోల్లో "సెక్యూర్ బూట్ ఆపండి" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు.

మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకున్నాక హార్డ్ డిస్కుని ముట్టుకోకుండానే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. లైవ్ అంటారు దీన్ని. సిస్టమ్ మొత్తం కుదించిన (కంప్రెస్ చేసిన) ఒకే ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, దాని మీద ఎవరూ రాయలేరు. మనం చేసే మార్పులన్నీ ర్యామ్‌లో పరిచిన ఒక పొర మీద పడతాయి. అచ్చు పుస్తకం మీద గాజు పలక పెట్టి రాసుకున్నట్టు. షట్‌డౌన్ చేస్తే గాజు మీది రాత పోతుంది, పుస్తకం అలాగే ఉంటుంది. రాసినది నిలవాలంటే పెర్సిస్టెన్స్ కావాలి, అంటే ఆ పొరని ర్యామ్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లోనే ఒక భాగంలో పెట్టడం. ఉబుంటు, డెబియన్ కుటుంబాలకి రూఫస్‌లోనే దీని సైజు జరుపుకునే గీత ఉంటుంది. పప్పీ అయితే మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు తనే అడుగుతుంది.

పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు నెమ్మదిగా ఉంటే లినక్స్‌ని తప్పుపట్టకండి. చిన్న చిన్న ఫైళ్ళు రాయడంలో చవక పెన్‌డ్రైవ్‌లు చాలా నీరసం. హార్డ్ డిస్కులో వేశాక వేగం వేరుగా ఉంటుంది, ఎస్ఎస్‌డీ అయితే ఇంకా వేరు.

ఒక నిజం మాత్రం ముందే చెప్పాలి. తేలికపాటి లినక్స్ తను తీసుకునే ర్యామ్ కొన్ని వందల ఎంబీలే. కానీ బ్రౌజర్లో ఆరు ట్యాబులు తెరిస్తే అవి ఒకటి రెండు జీబీలు మింగేస్తాయి. సిస్టమ్ తేలికైనంత మాత్రాన వెబ్‌సైట్లు తేలికవ్వవు. 2 జీబీ మెషీన్‌తో వీడియో క్లాసు, పీడీఎఫ్, వాట్సాప్ వెబ్ మూడూ ఒకేసారి నడుస్తాయని ఎవరికీ మాట ఇవ్వకండి. డబ్బులు కొంచెమే ఉంటే ముందు ఒక చిన్న ఎస్ఎస్‌డీ కొనమంటాను, ర్యామ్ తర్వాత.

మా పై వాటా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఎంఎక్స్ లినక్స్ మొదటిసారే లేచింది. వైఫై మాత్రం కనబడలేదు. కొన్ని వైఫై చిప్పులకి విడిగా ఫర్మ్‌వేర్ (చిప్ పని చెయ్యడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్) కావాలి, అది దించుకోవడానికి నెట్ కావాలి. అలాంటప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెతరింగ్ ఆన్ చేస్తే చాలు, లినక్స్ వెంటనే పట్టేసుకుంటుంది. తెలుగు చదవడానికి నోటో సాన్స్ తెలుగు ఫాంటు, టైపు చెయ్యడానికి ఐబస్ వేశాం. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అందులో ఉంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఉంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు పాత ఫైళ్ళు బయటికి తీద్దామని విండోస్ డిస్కు తెరిస్తే, ఫైళ్ళు చూపిస్తోంది గానీ దాని మీద ఏమీ రాయనివ్వట్లేదు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌లో షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు, సగం నిద్ర. ఆ స్థితిలో డిస్కుని మార్చకుండా లినక్స్ జాగ్రత్త పడుతుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. మాకు చదవడం చాలు కాబట్టి అలాగే ఉంచి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ పెట్టాం. అందులో 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు వాళ్ళ నాన్నగారు తీసిన ఫోటోలు ఉన్నాయి. మా వీధిలో విరిగిపడ్డ చెట్లు, వంగిపోయిన కరెంటు స్తంభాలు. ఇంకెక్కడా వాటికి నకలు లేదు. కాపీ అవ్వడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆమె ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి ఫోటోలు వస్తున్నాయో లేదో చూసుకుని, అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కింది.